సంతకం మనదైతే లెక్కా మనదే

(మహిళా సంఘాల కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీల హక్కుల గురించి మాట్లాడుకునే చోట బ్యాంకు వడ్డీల గొడవ ఏమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. హింస గురించి, కూలి గురించి, ఆస్తి హక్కు గురించి మనం చాలా మాట్లాడుకున్నాం. అప్పు గురించి మాట్లాడినప్పుడు కూడా మన దృష్టి పొదుపు సంఘాల మీద, 2010లో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో ఆర్డినెన్సు తేవలసి వచ్చేంతగా ముదిరిన మైక్రోఫైనాన్సు మీద ఉండేది. ఇంటి అప్పు ఉద్యోగస్తుల వ్యవహారమనుకుని పక్కన పెట్టాం. ఇవాళ పరిస్థితి అలా లేదు. ప్రైవేటు బడిలో టీచరు, బట్టల షాపులో పనిచేసే అమ్మాయి, ఆటో నడిపే అతని భార్య, వీళ్ళ సంతకాలు కూడా ఇంటి అప్పు కాగితాల మీద ఉంటున్నాయి.

స్త్రీ పేరు కలిపితే వడ్డీ కొంచెం తగ్గించే సంస్థలున్నాయి. 2015లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజనలో తక్కువ ఆదాయం వాళ్ళకు ఇచ్చే సాయానికి ఇల్లు స్త్రీ పేరున గానీ, భర్తతో కలిపి ఆమె పేరున గానీ ఉండాలన్నారు. ఇది మంచిదే. కానీ పేరు కాగితం మీదకి వచ్చినంత తొందరగా లెక్క ఆమె చేతికి రాలేదు. "ఇక్కడ పెట్టు, ఇక్కడ పెట్టు" అని వేలు చూపిస్తే సంతకాలు చేసిన స్త్రీలు ఎంతోమంది. ఎంత అప్పు, ఎంత వడ్డీ, ఎన్నేళ్ళు అని అడిగితే "ఆయనకి తెలుసు" అంటారు. వడ్డీ పెరిగిన నెలలో మాత్రం ఆ పెరిగిన డబ్బు ఎక్కడినుంచి తేవాలన్నది ఆమె సమస్య అవుతుంది. నా ప్రసంగమంతా ఈ ఒక్క విషయం గురించే. అప్పులో భాగం పంచుకున్న స్త్రీకి లెక్కలోనూ, నిర్ణయంలోనూ భాగం ఉండాలి.

ముందు ఈ వడ్డీ ఎలా మారుతుందో చూద్దాం. ఇంటి అప్పుల్లో స్థిర వడ్డీ ఒక రకం, మారే వడ్డీ ఇంకో రకం. రెండోదాన్ని ఫ్లోటింగు రేటు అంటారు. మన దగ్గర ఇంటి అప్పులు ఎక్కువగా ఈ రకానివే. 2019 అక్టోబరు 1 నుంచి బ్యాంకులు కొత్తగా ఇచ్చే ఇలాంటి అప్పుల వడ్డీని బయటి కొలబద్దకు ముడిపెట్టాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. చాలా బ్యాంకులు రెపో రేటుకు ముడిపెట్టాయి. రెపో రేటు అంటే బ్యాంకులు రిజర్వు బ్యాంకు దగ్గర తీసుకునే అప్పు మీద వడ్డీ. దాని మీద బ్యాంకు తన వాటా కలిపి మన దగ్గర వసూలు చేస్తుంది. మూడు నెలలకు ఒకసారైనా ఈ రేటును సవరించాలి. హౌసింగ్ ఫైనాన్సు కంపెనీలకు ఈ కట్టుబాటు లేదు. అవి తమ మూల రేటును తామే నిర్ణయించుకుంటాయి. కాబట్టి ఎవరైనా మన దగ్గరికి వచ్చినప్పుడు, అప్పు బ్యాంకులోదా, కంపెనీదా, ఏ సంవత్సరంలో తీసుకున్నారు అన్నవే మొదట అడగవలసిన ప్రశ్నలు.

2022 మే నెలలో రిజర్వు బ్యాంకు రెపో రేటు పెంచడం మొదలుపెట్టింది. 2023 ఫిబ్రవరి నాటికి ఆరు దఫాలుగా పెంచి 4 శాతాన్ని 6.5 శాతం చేసింది. ఎందుకు పెంచారు? ధరలు పెరుగుతున్నాయి కాబట్టి. ధరలను అదుపు చెయ్యడానికి వడ్డీ పెంచడం వాళ్ళ పద్ధతి. కానీ ఇంట్లో నిలబడి చూడండి. నూనె ధర పెరిగి, గ్యాసు బండ ధర పెరిగిన రోజుల్లోనే ఇంటి వాయిదా కూడా పెరిగింది. జీతం మాత్రం అలాగే ఉంది. రెండు దెబ్బలూ ఒకేసారి ఒకే వంటింటి మీద పడ్డాయి. ఆ తర్వాత 2025లో నాలుగు దఫాలుగా 1.25 శాతం తగ్గించారు. మళ్ళీ పెరగదన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. 20 ఏళ్ళ అప్పులో ఇలాంటి ఎగుడుదిగుళ్ళు ఎన్నోసార్లు వస్తాయి. అందుకని తగ్గిన రోజుల్లోనే దీని గురించి నేర్చుకోవడం మంచిది.

ఇక లెక్క. మన ఊళ్ళలో వడ్డీని నెలకు నూటికి ఇంత అని చెప్పుకుంటాం. ఆ ప్రకారం 7 శాతం అంటే సుమారు 58 పైసల వడ్డీ. 9.5 శాతం అంటే 79 పైసలు. తేడా 21 పైసలే కదా అనిపిస్తుంది. 20 లక్షల అప్పు, 20 ఏళ్ళ గడువు తీసుకోండి. 7 శాతానికి నెల వాయిదా 15,506 రూపాయలు. మొదటి నెల కట్టినదాంట్లో 11,667 రూపాయలు వడ్డీకే పోతాయి. అసలుకు చేరేది 3,839 మాత్రమే. వడ్డీ 9.5 శాతమైతే వాయిదా 18,643 అవుతుంది. నెలకు 3,137 రూపాయలు ఎక్కువ. 21 పైసల మహిమ ఇది.

"మాకు వాయిదా ఏమీ పెరగలేదు" అని నిశ్చింతగా చెప్పేవాళ్ళున్నారు. వాళ్ళ గురించే ఎక్కువ ఆలోచించాలి. వాయిదా పెరగలేదంటే గడువు పెరిగి ఉంటుంది. పైన చెప్పిన అప్పునే తీసుకుందాం. అప్పు తీసుకున్న కొత్తలోనే, అసలు ఇంకా 20 లక్షలు ఉండగానే, వడ్డీ 9.5 శాతమైందనుకోండి. ఒక నెల వడ్డీయే 15,833 రూపాయలు. పాత వాయిదా 15,506. అంటే కట్టిన డబ్బు వడ్డీకే చాలలేదు. ఇంకా 327 రూపాయలు తరుగు. అది అసలుకు కలిస్తే, నెల నెలా కడుతూనే ఉంటాం, అప్పు నెల నెలా పెరుగుతూనే ఉంటుంది. షావుకారు దగ్గర చక్రవడ్డీ గురించి మన పెద్దవాళ్ళు చెప్పే కథలకూ దీనికీ తేడా ఎక్కడుంది?

ఈ విషయంలో వచ్చిన ఫిర్యాదుల వల్లనే 2023 ఆగస్టు 18న రిజర్వు బ్యాంకు ఒక ఆదేశం ఇచ్చింది. అప్పు తీసుకున్నవాళ్ళకు సరిగా తెలియజెయ్యకుండా, వాళ్ళ సమ్మతి లేకుండా గడువునో వాయిదానో పెంచుతున్నారన్న ఫిర్యాదులు వచ్చాయని ఆ కాగితంలోనే రాశారు. ఆ ఏడాది డిసెంబరు ఆఖరులోగా పాత అప్పులకు కూడా అది వర్తించాలన్నారు. బ్యాంకులకూ, హౌసింగ్ ఫైనాన్సు కంపెనీలకూ ఒకటే నియమం. అందులోని విషయాలు మనం గుర్తుంచుకోవాలి.

వడ్డీ మారితే వాయిదా ఎంత మారుతుందో, గడువు ఎంత మారుతుందో అప్పు ఇచ్చేటప్పుడే చెప్పాలి. తర్వాత మారినప్పుడల్లా తెలియజెయ్యాలి. వాయిదా పెంచాలా, గడువు పెంచాలా, రెండూ కొంచెం కొంచెం పెంచాలా అన్న ఎంపిక అప్పు తీసుకున్నవాళ్ళకు ఇవ్వాలి. గడువు పెంచినా, వడ్డీకే చాలని వాయిదా ఉండే పరిస్థితి రానివ్వకూడదు. మూడు నెలలకు ఒకసారి లెక్క కాగితం ఇవ్వాలి. అందులో ఇంతవరకు వసూలైన అసలు ఎంత, వడ్డీ ఎంత, ఇప్పటి వాయిదా ఎంత, ఇంకా ఎన్ని వాయిదాలున్నాయి, సాలు వడ్డీ ఎంత అన్నవి ఉండాలి. స్థిర వడ్డీకి మారే అవకాశం కూడా ఇవ్వాలని అప్పట్లో చెప్పారు గానీ, 2025 అక్టోబరు నుంచి దాన్ని సంస్థల ఇష్టానికి వదిలారు. మనం సంపాదించుకున్నవి అలాగే ఉంటాయనుకోకూడదనడానికి ఇదొక ఉదాహరణ.

ఇక్కడొక మాట. ఎంపిక "అప్పు తీసుకున్నవాళ్ళకు" అంటే భర్తకు ఒక్కడికే అని అర్థం కాదు. సహ రుణగ్రహీతగా సంతకం చేసిన స్త్రీ కూడా అప్పు తీసుకున్న మనిషే. కానీ ఫోనుకు వచ్చే సమాచారం ఒక్క నంబరుకే వస్తుంది. ఆ నంబరు ఎవరిదో మీకు తెలుసు. కాబట్టి ఆమె తన నంబరు కూడా నమోదు చెయ్యమని, లెక్క కాగితం తనకూ ఇవ్వమని రాతపూర్వకంగా అడగాలి. రెండు వాక్యాల అర్జీ చాలు. రసీదు మాత్రం తప్పకుండా తీసుకోవాలి.

సరే, వడ్డీ పెరిగింది. ఏం చెయ్యాలి? సాధారణంగా ఇంట్లో ఏం జరుగుతుందో ముందు చెప్పుకుందాం. పాలు తగ్గుతాయి. ఆమె తినే పూట తగ్గుతుంది. ఆడపిల్ల ట్యూషన్ ఆగిపోతుంది, మగపిల్లవాడిది ఆగదు. ఆమె కుట్టు మిషను దగ్గర ఇంకో రెండు గంటలు కూర్చుంటుంది. తర్వాత ఆమె మెడలోది కుదువకు వెళ్తుంది. ఆ తర్వాత సంఘంలో అప్పు తీసి, ముందే చిట్టీ పాడి, చివరికి రెండు రూపాయల వడ్డీకి బయట తెచ్చి ఇంటి వాయిదా కడతారు. 79 పైసల అప్పు కట్టడానికి రెండు రూపాయల అప్పు! నూటికి రెండు రూపాయలంటే సాలుకు 24 శాతం. ఒక నెల గండం గట్టెక్కడానికి చేసిన పని ఏడాది తిరిగేసరికి రెండు గండాలవుతుంది. బ్యాంకు వాయిదా తప్పితే పరువు పోతుందన్న భయమే ఇలా చేయిస్తుంది. ఆ భయాన్ని పోగొట్టడం మన పనిలో మొదటిది.

అందుకని వరుస మార్చాలి. బయట అప్పు చెయ్యడానికి ముందు బ్యాంకును అడగవలసినవి ఉన్నాయి. మొదటిది, కొత్తగా వచ్చేవాళ్ళకు ఇప్పుడు ఎంత వడ్డీకి ఇస్తున్నారో కనుక్కోవాలి. పాతవాళ్ళ దగ్గర ఎక్కువ, కొత్తవాళ్ళ దగ్గర తక్కువ తీసుకునే అలవాటు ఉంది. 2019కి ముందు తీసుకున్న బ్యాంకు అప్పయితే కొత్త పద్ధతిలోకి మార్చమని అడగాలి. కొంత రుసుము తీసుకుని రేటు తగ్గించే ఏర్పాటు చాలా సంస్థల్లో ఉంటుంది. అడగనివాళ్ళకు చెప్పరు. రెండోది, అక్కడ కుదరకపోతే తక్కువ వడ్డీ ఇచ్చే ఇంకో బ్యాంకుకు అప్పు మార్చుకోవచ్చు. ఇళ్ళ కోసం వ్యక్తులు తీసుకున్న మారే వడ్డీ అప్పుల మీద, ముందుగా తీర్చినందుకు జరిమానా వెయ్యకూడదని బ్యాంకుల విషయంలో 2012లోనే రిజర్వు బ్యాంకు చెప్పింది. హౌసింగ్ ఫైనాన్సు కంపెనీలకూ అలాంటి నియమమే ఉంది. అయితే కొత్త బ్యాంకు ఫీజులు, దస్తావేజుల డిపాజిట్ రిజిస్ట్రేషన్ ఖర్చు లెక్కేసుకుని, అవి పోగా మిగులుతుందో లేదో చూసుకోవాలి.

మూడోది గడువు పెంచుకోవడం. పొయ్యి వెలగని పరిస్థితిలో ఇది తప్పేమీ కాదు. కానీ దాని ఖరీదు తెలిసి చెయ్యాలి. మన 20 లక్షల అప్పునే 9.5 శాతానికి 20 ఏళ్ళ బదులు 30 ఏళ్ళు చేస్తే వాయిదా 18,643 నుంచి 16,817కు తగ్గుతుంది. నెలకు 1,826 రూపాయల ఊరట. అదే రేటు చివరిదాకా ఉంటే మొత్తం మీద 15 లక్షల 79 వేలకు పైగా ఎక్కువ కడతాం. కాబట్టి వడ్డీ తగ్గినప్పుడు, జీతం పెరిగినప్పుడు గడువును మళ్ళీ వెనక్కి లాక్కోవాలి. 2022-23లో గడువు పెరిగినవాళ్ళు 2025లో రేటు తగ్గాక తమ వాయిదాల సంఖ్య ఎంతకు దిగిందో లెక్క కాగితంలో చూసుకోవాలి. పెంచినప్పుడు చూపిన చురుకుదనం తగ్గించేటప్పుడు కూడా చూపమని అడిగే హక్కు మనకుంది.

నాలుగోది, చేతికి కొంత డబ్బు వస్తే అసలుకు జమ చెయ్యడం. అదే అప్పులో, 9.5 శాతం వడ్డీ ఉన్నప్పుడు, మొదట్లోనే ఒక 50,000 రూపాయలు అసలుకు కట్టి వాయిదా మార్చకుండా ఉంచితే, చివర్లో సుమారు 16 వాయిదాలు తగ్గుతాయి. అంటే దాదాపు 3 లక్షలు. చిట్టీ డబ్బు, బోనసు వచ్చినప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. కట్టేటప్పుడు "అసలుకు జమ, గడువు తగ్గించండి" అని రాసివ్వాలి.

ఇక బంగారం సంగతి. పెళ్ళిలో పుట్టింటివాళ్ళు పెట్టింది, ఆమె సంపాదించుకున్నది ఆమె సొంతం. స్త్రీధనం మీద పూర్తి యాజమాన్యం ఆమెదేనని 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షను చెబుతోంది. ఇంటి కోసం ఇవ్వాలనుకుంటే ఇవ్వవచ్చు, అది ఆమె ఇష్టం. కానీ ఆ ఇంట్లో ఆమెకు వాటా ఉందా? రిజిస్ట్రేషన్ కాగితంలో పేరు ఉందా? ఇల్లు అతని పేరున, అప్పు ఇద్దరి పేరున, బంగారం ఆమెది అన్న ఏర్పాటు మన ఇళ్ళలో మామూలైపోయింది. సహ రుణగ్రహీత అయినంత మాత్రాన సహ యజమాని కాదు. ఈ రెండు మాటలకూ తేడా ప్రతి స్త్రీకీ తెలియాలి. బంగారం అమ్మిన డబ్బు, ఆమె జీతం డబ్బు ఆమె ఖాతా నుంచే వాయిదాకు వెళ్ళేలా చూసుకోవాలి. రేపు తగాదా వస్తే ఆ పాస్‌బుక్కే సాక్ష్యం.

తగాదాలు వస్తాయని ఎందుకు అంటున్నానంటే, కాపురం చెడినప్పుడు మొదట ఆగేవాటిలో ఇంటి వాయిదా ఒకటి. కాంట్రాక్టు చట్టం 43వ సెక్షను ప్రకారం కలిసి అప్పు చేసినవాళ్ళలో ఎవరి దగ్గరనుంచైనా మొత్తం బాకీ అడగవచ్చు. "నా వాటా సగమే" అంటే బ్యాంకు వినదు. భర్త వదిలేసి వెళ్ళినా, విడాకులైనా ఆ సంతకం అలాగే ఉంటుంది. హామీ సంతకం పెట్టినా బాధ్యత అంతే. వాయిదా తప్పితే ఆమె పేరు మీద కూడా చెడ్డ రికార్డు పడుతుంది, రేపు ఆమెకు ఇంకో అప్పు పుట్టదు. అయితే 2005 గృహహింస చట్టం ఇక్కడ పనికొస్తుంది. కలిసి కాపురమున్న ఇంట్లో ఉండే హక్కు 17వ సెక్షను ఇస్తుంది. 19వ సెక్షను కింద ఆ ఇంటిని అమ్మకుండా, తాకట్టు పెట్టకుండా ఆపవచ్చు. అదే సెక్షనులో అద్దె, ఇతర చెల్లింపుల బాధ్యతను ప్రతివాది మీద పెట్టే అధికారం కూడా మేజిస్ట్రేటుకు ఉంది. మనవాళ్ళు పిటిషన్లు రాయించేటప్పుడు భరణం అడుగుతారు గానీ ఇంటి వాయిదా సంగతి మరిచిపోతారు. ఇకనుంచి అది తప్పకుండా రాయించాలి.

చివరగా, వాయిదాలు తప్పిపోయిన ఇళ్ళ గురించి. 90 రోజులు దాటి బాకీ ఉంటే దాన్ని మొండి బాకీ కింద రాస్తారు. ఆ తర్వాత 2002 సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు ఇస్తారు. చాలామంది ఆ నోటీసును బీరువాలో దాస్తారు. అదే అన్నిటికంటే ప్రమాదం. నోటీసుకు అభ్యంతరం రాసి ఇస్తే 15 రోజుల్లో వాళ్ళు జవాబు చెప్పాలి. 60 రోజుల్లో బాకీ తీరకపోతే ఇంటిని స్వాధీనం చేసుకునే చర్య మొదలుపెడతారు. ఆ చర్య మీద 45 రోజుల్లో రుణ వసూళ్ళ ట్రిబ్యునల్‌కు వెళ్ళవచ్చు. మనకు హైదరాబాదులోనూ, విశాఖపట్నంలోనూ ఇవి ఉన్నాయి. మామూలు సివిల్ కోర్టులో వీటి మీద దావా నడవదు, అక్కడ తిరిగి కాలం పోగొట్టుకోవద్దు. 2016 సవరణ తర్వాత, వేలం నోటీసు ప్రచురించేలోపే మొత్తం బాకీ కట్టి ఇల్లు విడిపించుకోవాలి. కాబట్టి ప్రతి రోజూ లెక్కే. ఈ దశకు రాకముందే, ఒకటి రెండు వాయిదాలు తప్పినప్పుడే, గడువు సవరించమని రాతపూర్వకంగా అడగడం మేలు.

వసూలు మనుషులు ఉదయం 8 గంటలకు ముందు, రాత్రి 7 గంటల తర్వాత ఫోన్లు చెయ్యకూడదని 2022లో రిజర్వు బ్యాంకు చెప్పింది. బెదిరింపులు, ఇరుగుపొరుగు ముందు అవమానాలు నిషిద్ధం. ఇలాంటి ఫిర్యాదయినా, లెక్క ఇవ్వలేదన్న ఫిర్యాదయినా ముందు బ్యాంకుకే రాసివ్వాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పంపవచ్చు. దానికి రుసుము లేదు, లాయరు అక్కరలేదు. కోర్టు దాకా వెళ్ళవలసి వస్తే, 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షను ప్రకారం స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ పెట్టాలి.

ఇవన్నీ ఒక్కో స్త్రీ ఒంటరిగా చెయ్యగలిగినవి కావు. బ్యాంకు మెట్లు ఎక్కడానికే జంకే వాళ్ళున్నారు. పొదుపు సంఘాల్లో మనం వడ్డీ లెక్కలు నేర్చుకున్నాం. పుస్తకాలు రాయడం నేర్చుకున్నాం. ఆ అనుభవం ఇక్కడ ఉపయోగించాలి. వచ్చే మూడు నెలల్లో మీ బస్తీల్లో, మీ గ్రామాల్లో ఇంటి అప్పు ఉన్న స్త్రీలను ఒకచోట కూర్చోబెట్టండి. ఒక్కొక్కరి చేత అయిదు విషయాలు కాగితం మీద రాయించండి: అప్పు ఎంత మిగిలింది, వడ్డీ ఎంత, వాయిదా ఎంత, ఇంకా ఎన్ని వాయిదాలు, ఇల్లు ఎవరి పేరున ఉంది. తెలియనివాళ్ళ చేత లెక్క కాగితం కోసం అర్జీలు రాయించి, పదిమంది కలిసి వెళ్ళి ఇచ్చి రసీదులు తీసుకోండి. ఇల్లు గడపడం ఆడవాళ్ళ పని అని చెప్పిన సమాజమే ఇంటి లెక్క మగవాళ్ళ పని అని కూడా చెప్పింది. ఆ రెండో మాటను మనం ఒప్పుకోనక్కరలేదు.